ఆర్డరు ఉంది, వెంట నడిచే మనిషి లేడు: వయోవృద్ధుల హక్కుల కోసం జిల్లాకో ఆఫీసు అడుగుదామా?

జిరాక్స్_కర్నూలు | సోమవారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. కర్నూలులో ఆఫీసుల దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పన్నెండేళ్లుగా జిరాక్సులతో పాటు అర్జీలు కూడా రాసిస్తున్నా. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు కాబట్టి పొద్దున ఏడింటికే షాపు ముందర జనం ఉంటారు. వాళ్లలో సగానికి సగం ముసలివాళ్లే.

ఈ రోజు ఒక అవ్వ వచ్చింది. 78 ఏళ్లు. మూడెకరాల చేను కొడుక్కు దానపట్టా రాసిచ్చింది. ఏడాది తిరక్కముందే పొయ్యి వేరు చేశారు. కిందటేడు నేనే ఆమెకు అర్జీ రాసిచ్చా. ట్రిబ్యునల్ ఆమె మాట విన్నది, నెలకు 3,000 ఇవ్వాలని కొడుక్కు ఆర్డరు వేసింది. ఆ రోజు అవ్వ నాకు అరడజను అరటిపండ్లు తెచ్చిచ్చింది. కొడుకు రెండు నెలలు ఇచ్చాడు, మానేశాడు. ఇప్పటికి ఏడు నెలలైంది. ఆర్డరు కాగితం ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టుకుని తిరుగుతోంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. "ఆర్డరు వచ్చింది గదా నాయనా, దుడ్లు ఎవరు తెచ్చిస్తారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. మళ్లీ అర్జీ రాసిచ్చా. ఇది ఆమెకు నాలుగోది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆడవాళ్లకు, పిల్లలకు జిల్లాలో ఒక ఆఫీసంటూ ఉంది. ముసలివాళ్ల హక్కుల కోసమే ఉన్న ఆఫీసు, వాళ్ల వెంట నడిచే ఆఫీసరు ఎందుకు లేరు? అడిగితే వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

అనంత_పంతులు | సోమవారం, రాత్రి 9:52

మంచి ప్రశ్న నాయనా. నేను అనంతపురంలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. పెన్షనర్ల తరఫున ఈ చట్టం కాస్త చదివాను, తెలిసింది చెప్తాను.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. 60 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. ప్రతి రెవెన్యూ డివిజన్‌కూ ఒక ట్రిబ్యునల్, దానికి ఆర్డీవో పెద్ద. ఆ తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు. లాయరును పెట్టుకోవాల్సిన పని లేదు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పకపోతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు.

ఎవరూ పట్టించుకోనిది 18వ సెక్షన్. ప్రతి జిల్లాలో ఒక మెయింటెనెన్స్ ఆఫీసరు ఉండాలి, ముసలాయన కోరితే ట్రిబ్యునల్‌లో ఆయన తరఫున నిలబడాలి అని అందులో ఉంది. ఆ పని సాంఘిక సంక్షేమ అధికారికో, ఆ హోదాకు తగ్గని ఇంకొకరికో ఇవ్వమన్నారు. అంటే ఇంకో శాఖ పనులు చూసుకునే మనిషి నెత్తిన ఇది ఇంకో మూట. మీరు అడిగే మనిషి చట్టంలో ఉన్నాడు, కుర్చీ మాత్రం వేరే పనికి వేసినది.

---

మైదుకూరు_పసుపు | సోమవారం, రాత్రి 10:20

అన్నా, అవ్వ సంగతి చదివితే బాధేసింది. కానీ ఇంకో ఆఫీసు అనేసరికి నాకు మనసొప్పలేదు. మా నాయన పాస్‌బుక్‌లో ఒక అక్షరం తప్పుంటే సరిచేయించడానికి పద్నాలుగు నెలలు తిరిగాను. ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కు, ఆ టేబుల్ నుంచి పై ఆఫీసుకు. ఇప్పుడు ముసలివాళ్లకని ఇంకొకటి పెడితే ఒక ఛైర్మన్, ఒక కారు, ఒక బోర్డు వస్తాయి. అవ్వ అక్కడికీ ఇంకో అర్జీ రాసుకుని పోవాల్సి వస్తుంది. ఉన్న ఆర్డీవోతోనే పని చేయించుకోలేమా?

---

అనంత_పంతులు | సోమవారం, రాత్రి 10:31

> ఉన్న ఆర్డీవోతోనే పని చేయించుకోలేమా?

ఆర్డీవో ఒక్కరికి ఎన్ని పనులో చూడప్పా. భూసేకరణ ఆయనే, ఎన్నికలు ఆయనే, కరువొస్తే ఆయనే, వరదొస్తే ఆయనే, మంత్రి వచ్చినా ఆయనే. పోషణ కేసుల విచారణకు తారీకు వేస్తే ఆ రోజే ఎక్కడో గొడవ జరుగుతుంది, తారీకు మారుతుంది. మనిషి మంచివాడే కావచ్చు. 80 ఏళ్ల ముసలాయన మాత్రం బస్సు దిగి, మెట్లెక్కి, వాయిదా అని విని తిరిగి పోవాలి.

---

లా_కడప | మంగళవారం, ఉదయం 7:05

కడప కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. అన్నిటికంటే ముందు, జిరాక్స్ అన్న గారు, అవ్వ కేసులో తొందరగా కదలాలి.

ఆర్డరును కొడుకు పాటించకపోతే ట్రిబ్యునల్ వారంటు ఇచ్చి వసూలు చేయవచ్చు. అప్పటికీ కట్టకపోతే నెల దాకా జైలుకు పంపవచ్చు. అయితే దీనికో గడువుంది. ఏ నెల డబ్బు ఆగిందో ఆ డబ్బు బాకీ పడిన నాటి నుంచి మూడు నెలల్లోపు వారంటు కోసం దరఖాస్తు పెట్టాలి. దాటిందా, ఆ నెల డబ్బుకు వారంటు రాదు. ఏడు నెలలు ఆగారంటే పాత నాలుగు నెలల సొమ్ము ఈ దారిలో పోయినట్టే. ఉత్త అర్జీ చాలదు. పాత కేసు నంబరు వేసి, ఆర్డరు అమలు చేయమని, వారంటు ఇవ్వమని స్పష్టంగా రాయాలి.

రెండోది దానపట్టా. 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. అయితే 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా కేసులో, చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చినట్టు రుజువు చూపాలి అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఒక తల్లి గిఫ్టు డీడును రద్దు చేసింది. అక్కడ కొడుకు అదే రోజు, తల్లిదండ్రులను చివరిదాకా చూసుకుంటానని వేరే కాగితం రాసిచ్చాడు, అది పనికొచ్చింది. ఇది ముసలివాళ్ల మేలు కోసం చేసిన చట్టం, ఆ ఉద్దేశానికి తగ్గట్టే చదవాలని కూడా కోర్టు చెప్పింది. అవ్వ దస్తావేజులో ఏముందో చూడాలి. స్కాన్ చేసి పంపండి, ఫీజు వద్దు.

---

జిరాక్స్_కర్నూలు | మంగళవారం, ఉదయం 7:40

సార్, మూడు నెలల గడువు సంగతి నాకు తెలియదు. ఆ అవ్వకు నాలుగు అర్జీలు రాశాను. ఒక్కదాంట్లోనూ వారంటు మాట లేదు. "నా కొడుకు డబ్బులు ఇవ్వడం లేదు, దయతో న్యాయం చేయగలరు" అనే రాశాను. అందరికీ అలాగే రాస్తాను. నెలకు మూడు వేలు, నాలుగు నెలలు. 12,000 పోయాయి.

రాత్రంతా ఎవరి తప్పు అనుకుంటూ ఉన్నా, ఇప్పుడు అర్థమైంది. ఆమెకు గడువు చెప్పాల్సిన మనిషి ఈ వ్యవస్థలో ఒక్కరూ లేరు. ఆర్డరు ఇచ్చినవాళ్లు ఇచ్చారు. నాకు తెలిసింది నేను రాశాను. మధ్యలో ఎవరూ లేరు.

---

మైదుకూరు_పసుపు | మంగళవారం, ఉదయం 8:02

అన్నా నువ్వు బాధపడాకు. నీ దగ్గర 20 రూపాయలకు అర్జీ రాయించుకునేవాళ్లకు లాయరు సలహా ఎట్లా వస్తుంది.

---

వెల్ఫేర్_అనంత | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను అనంతపురం జిల్లాలో ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తాను. ఊరి పేరు చెప్పలేను.

ఒకటో తారీకు పొద్దున్నే ఇంటింటికీ పోయి పింఛను ఇస్తాం. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000. ఫోటో తీసి, వేలిముద్ర పడకపోతే ముఖం స్కాన్ చేసి, చేతికే ఇస్తాం. మా లెక్కలో ఆ పని అయిపోయింది. కానీ కొన్ని ఇళ్లలో మేము గడప దాటక ముందే ఆ డబ్బు చేయి మారుతుంది. ఒక తాత ప్రతి నెలా నోట్లు లెక్కపెట్టినట్టు చేసి కాసేపు చేతిలోనే పట్టుకుంటాడు. ఎందుకో నాకు తెలుసు. కోడలు పక్కనే నిలబడి ఉంటుంది.

చూసి నేనేం చేయాలి? రాసుకోవడానికి నా ఫోన్‌లోని యాప్‌లో చోటు లేదు. ఎవరికి చెప్పాలో తెలియదు. పోలీసులకు చెప్తే తాతే "అట్లాంటిదేమీ లేదు సార్" అంటాడు. రాత్రికి అన్నం పెట్టాల్సింది వాళ్లే కదా. మీరనే ఆఫీసు ఉంటే, కనీసం గుట్టుగా చెప్పడానికి నాకొక నంబరు, వచ్చి తాతతో ఒంటరిగా కూర్చుని మాట్లాడే ఒక మనిషి ఉంటారు. నాకు అదే కావాలి.

---

లా_కడప | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నంబరు ఉందమ్మా. 14567, ఎల్డర్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. సలహా ఇస్తారు, అవసరమైతే మనిషిని కూడా పంపుతారు. మీ ఫోన్‌లో పెట్టుకోండి. కాకపోతే వాళ్లకు విచారించే అధికారం గానీ, ఆర్డరు అమలు చేయించే అధికారం గానీ లేదు.

గృహహింస చట్టం 2005 చూడండి. అందులో రక్షణ అధికారి ఉంటారు. బాధితురాలి దగ్గర వివరాలు రాసుకుని మేజిస్ట్రేటుకు రిపోర్టు పంపుతారు, ఆమెకు ఆశ్రయం, వైద్యం చూపిస్తారు, కోర్టు ఆర్డరు అమలవుతోందో లేదో చూస్తారు. వాళ్లకూ పని ఎక్కువే, లోపాలూ ఉన్నాయి. అయినా ఆ కుర్చీకి ఒక పేరు, ఒక బాధ్యత ఉంది. పిల్లలకు 1098, దాని వెనక జిల్లా బాలల పరిరక్షణ విభాగం. ఆడవాళ్లకు 181, దాని వెనక సఖి కేంద్రం. వృద్ధులకు 14567 ఉంది గానీ, దాని వెనక జిల్లాలో వాళ్ల కోసమే నిలబడే ఆఫీసు లేదు. మనం అడగాల్సింది అదే.

---

కార్డిఫ్_అనంత | మంగళవారం, సాయంత్రం 6:45

మాది అనంతపురం. పదకొండేళ్లుగా కార్డిఫ్‌లో నర్సుగా చేస్తున్నా. ఈ వేల్స్‌లో వయోవృద్ధుల కమిషనర్ ఉన్నారు. 2006లో చట్టం చేశారు, 2008లో మొదటి కమిషనర్ వచ్చారు. ఇలాంటి పదవి ప్రపంచంలో ఇదే మొదటిదని చెప్పుకుంటారు. 60 దాటినవాళ్ల తరఫున ఆస్పత్రులు, స్థానిక సంస్థలు ఎలా పనిచేస్తున్నాయో సమీక్షిస్తారు, సమాచారం ఇమ్మని అడుగుతారు, సిఫార్సులు చేస్తారు. ప్రభుత్వంలో భాగం కాకుండా స్వతంత్రంగా ఉండటం ఆ పదవికి పెద్ద బలం.

కానీ మా వార్డులో పనిచేస్తూ చూసింది ఒకటి చెప్పాలి. పెద్దవాళ్లకు కమిషనర్ పేరు తెలియదు. వాళ్లకు తెలిసింది వారానికోసారి ఇంటికొచ్చే సోషల్ వర్కరు పేరు.

---

అనంత_పంతులు | మంగళవారం, సాయంత్రం 7:20

మన దేశంలోనూ మొదలైంది. 2025 మార్చిలో కేరళ శాసనసభ వయోవృద్ధుల కమిషన్ కోసం బిల్లు ఆమోదించింది, దేశంలో మొదటిసారి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి, వృద్ధుల హక్కుల మీద ఒప్పందం రాయడానికి ఒక బృందాన్ని వేయాలని తీర్మానం చేసింది. పిల్లలకు అలాంటి ఒప్పందం 1989లోనే వచ్చింది. మనం కూడా రాష్ట్రానికి కమిషన్ కావాలని అడగాలని నా అభిప్రాయం.

---

జిరాక్స్_కర్నూలు | మంగళవారం, సాయంత్రం 7:48

పంతులు గారూ, కమిషన్ మంచిదే. కానీ మా అవ్వకు అమరావతి ఎక్కడుందో కూడా తెలియదు. ఆమెకు కర్నూలు రావడమే పొద్దున నాలుగున్నర బస్సు. నేనడిగేది జిల్లాలో, వీలైతే డివిజన్‌లో ఉండే ఆఫీసు.

---

కువైట్_కడప | మంగళవారం, రాత్రి 11:58

డ్యూటీ దిగి ఇప్పుడే మొత్తం చదివా. నా సంగతీ రాస్తా, మా పక్క ఊర్లలో నాలాంటోళ్లు ఇంటికొకరున్నారు.

తొమ్మిదేళ్లుగా కువైట్‌లో డ్రైవరు పని. అమ్మ మా తమ్ముడి దగ్గర. నెలనెలా తమ్ముడి అకౌంట్‌కు డబ్బు వేస్తా. వీడియో కాల్‌లో అమ్మ ఎప్పుడూ "బాగుండాను నాయనా" అనేది. మంచి చీర కట్టించి కూర్చోబెట్టేవాళ్లు. కిందటి రంజాన్ సెలవుల్లో చెప్పకుండా ఊరికి పోయా. అమ్మ పశువుల కొట్టం పక్కన రేకుల గదిలో ఉంది. కాలికి పుండు. చక్కెర బిళ్లలు ఆగిపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు.

తమ్ముడి మీద కేసు పెట్టడానికి మా అమ్మ ఒప్పుకోదు. నాకూ పెట్టాలని లేదు. ఇప్పుడు మా చిన్నమ్మ ఇంట్లో ఉంచా. నాకు కావాల్సిందల్లా ఎవరో ఒకరు అధికారికంగా నెలకోసారి పోయి, అమ్మ కాలు చూసి, మందులున్నాయా అని చూసి, నాకు నిజం చెప్పడం. దానికి డబ్బు కట్టమన్నా కడతా. వీడియో కాల్‌లో మొహమే కనిపిస్తుంది, కాలు కనిపించదు.

---

ఆదోని_టీచర్ | బుధవారం, ఉదయం 6:30

కువైట్ అన్నా, మీ అమ్మ కాలు ఇప్పుడెట్లుంది?

మా దగ్గర ఇంకో రకం. కోసిగి, మంత్రాలయం పక్క పల్లెల నుంచి జనం సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతారు. గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో, కొన్ని ఇళ్లు బెంగళూరుకో. ఇంటికి తాళం, అరుగు మీద ముసలోళ్లు. వాళ్లనెవరూ వెళ్లగొట్టలేదు. కొడుకులు పోయేముందు జొన్నలో, బియ్యమో పెట్టి, కిరాణా కొట్లో ఖాతా చెప్పి, కళ్లు తుడుచుకుంటూ లారీ ఎక్కుతారు. వర్షాలు లేక, చేలో పని లేక పోతున్నారు. వాళ్ల మీద ఏ ట్రిబ్యునల్‌లో కేసు పెట్టాలి? కిందటేడు ఒక తాతకు జ్వరమొచ్చి రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. బడికి వచ్చే మనవరాలు రాలేదేమని నేను పోతే తెలిసింది. ఆరో తరగతి పిల్ల తాతకు గంజి కాస్తూ కూర్చుంది.

అందుకే ఆఫీసు పని పోషణ కేసులతో ఆగకూడదు. ఈ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే ఉంది, ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా పెట్టుకోవాలి, నెలకు ఒకసారైనా వాళ్లను చూసి రావాలి అని. సుగ్గి నెలల్లో ఆ జాబితా మా పల్లెల్లో ఎంత పొడవవుతుందో ఊహించుకోండి.

---

తుంగభద్ర_కోడలు | బుధవారం, మధ్యాహ్నం 3:15

ఇంతమంది రాస్తున్నారు, కోడలి మాట ఒక్కటీ రాలేదని రాస్తున్నా.

మా అత్తకు 81. మతిమరుపు జబ్బు. నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నా. రాత్రి రెండింటికి లేచి "మా నాయన వస్తాడు, తలుపు తీ" అంటుంది. ఒక రోజు గేటు తీసుకుని బస్టాండు దాకా పోయింది. అప్పటి నుంచి నేను కూరగాయలకు పోవాలన్నా తలుపుకు బయట గొళ్లెం పెట్టి పోతా. మా ఆయన ఆటో తోలతాడు. పగలు ఇంట్లో నేనొక్కదాన్నే. ఎదురింటామె అందరిలో అంది, "ముసల్దాన్ని గదిలో పెట్టి తాళమేస్తారు" అని. ఆ మాటకు వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

మీరు పెట్టమనే ఆఫీసు నుంచి ఒకరు వచ్చి, ఆ గొళ్లెం చూసి నా మీద కేసు రాస్తారేమో అని మీ రాతలు చదువుతుంటే భయమేసింది. వచ్చేవాళ్లు ముందు "అమ్మా, నీకేం సాయం కావాలి?" అని అడిగేవాళ్లు కావాలి. రోజుకు మూడు గంటలు మా అత్తను కూర్చోబెట్టుకునే ఒక కేంద్రం మా వీధి దగ్గర ఉంటే నాకు ఆ గొళ్లెంతో పని లేదు.

---

వెల్ఫేర్_అనంత | బుధవారం, మధ్యాహ్నం 3:40

అక్కా, మీరు రాసింది చదివి ఏడుపొచ్చింది. నేను పింఛను ఇచ్చే ఇళ్లలో గొళ్లెం పెట్టిన ఇల్లు ఒకటుంది. నేనూ తప్పుగానే అనుకున్నా. రేపు పోయి అడుగుతా.

---

కార్డిఫ్_అనంత | బుధవారం, సాయంత్రం 5:10

తుంగభద్ర అక్కా, చిన్న సలహాలు, నర్సుగా. ఆమె చీర కొంగు లోపల మీ ఫోన్ నంబరు కుట్టి పెట్టండి. గేటుకు గంట కట్టండి, తీస్తే మోగేలా. గొళ్లెం పెట్టి పోతే మంటలు, కరెంటు భయం ఉంటుంది కాబట్టి గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి పోండి. పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగంలో ఒకసారి చూపించండి, రాత్రి నిద్రకు మందులు మార్చి చూస్తారు. మీరు చేస్తున్నది చాలా కష్టమైన పని. మా వార్డులో ఆ పనికి మేము ముగ్గురం ఉంటాం.

---

మైదుకూరు_పసుపు | బుధవారం, రాత్రి 9:05

మొదట వద్దన్నది నేనే. మూడు రోజులుగా చదువుతున్నా. ఇప్పుడు అడుగుదామనే అంటా, కానీ నా షరతులు రాసుకోండి. ఛైర్మన్ వద్దు. రాజకీయ పదవి అసలు వద్దు. అదనపు బాధ్యతలు అనే మాట ఆ జీవోలో ఉండకూడదు. ఆఫీసరుకు ఈ పని తప్ప ఇంకో పని ఉండకూడదు. ఆఫీసు నేల మీద ఉండాలి, మెట్లెక్కే చోట కాదు. ముసలివాళ్లు ఆఫీసుకు వచ్చే రోజుల కంటే ఆఫీసరు ముసలివాళ్ల దగ్గరికి పోయే రోజులు ఎక్కువుండాలి.

---

లా_కడప | బుధవారం, రాత్రి 10:15

మైదుకూరు అన్న చెప్పిన దాన్నే చట్టం భాషలో పెట్టవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు. 18వ సెక్షన్ కింద పూర్తికాలపు మెయింటెనెన్స్ ఆఫీసరును నియమించమని అడుగుదాం. ప్రతి ఆర్డరుకూ ఒక రిజిస్టరు ఉండాలి, ఏ నెల డబ్బు రాకపోయినా ఆఫీసే ఆ నెలలోనే వారంటు దరఖాస్తు తయారుచేసి పెద్దవాళ్ల వేలిముద్ర వేయించుకోవాలి. చట్టం ప్రకారం వాళ్లకు చేతకాకపోతే, వాళ్లు అధికారమిచ్చిన ఇంకొకరు వాళ్ల తరఫున దరఖాస్తు పెట్టవచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే కూడా కేసు తీసుకోవచ్చు. కాబట్టి సచివాలయం సిబ్బంది ఇచ్చే సమాచారానికి అక్కడ చోటుంటుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దానపట్టా రాసేటప్పుడు పోషణ షరతు పెట్టుకోవచ్చని పెద్దవాళ్లకు చదివి వినిపించాలని కూడా అడుగుదాం. ఆ ఒక్క వాక్యం లేకే నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం ఓడిపోతున్నాయి.

కోడలు గారు చెప్పిన పగటి కేంద్రం మాట, ఆదోని సార్ చెప్పిన ఒంటరి వృద్ధుల జాబితా మాట విడిగా రాయాలి. వాటికి బడ్జెట్ కావాలి. ఒకే అర్జీలో కలిపితే దేనికీ జవాబు రాదు.

పంతులు గారూ, కమిషన్ సంగతి మీ సంఘం తరఫున ఎమ్మెల్యేలకు ఇవ్వండి. అది శాసనసభలో తేలాల్సింది.

---

అనంత_పంతులు | గురువారం, ఉదయం 6:10

అలాగే. అనంతపురం అర్జీ నేను రాస్తాను, నా చేతిరాత ఇంకా బాగానే ఉంది. మా సంఘంలో నలభై మంది దాకా సంతకాలు పెడతారు.

---

కువైట్_కడప | గురువారం, రాత్రి 12:20

ఆదోని సార్, అమ్మ కాలు మానుతోంది. అడిగినందుకు థాంక్స్. కడప అర్జీలో నా పేరు కూడా రాయండి, మా చిన్నమ్మ వచ్చి సంతకం పెడుతుంది.

---

జిరాక్స్_కర్నూలు | ఆదివారం, రాత్రి 8:30

రేపటి పనుల గురించి.

లా సార్ చెప్పినట్టు అవ్వ వారంటు దరఖాస్తు టైపు చేశా. పాత కేసు నంబరు, ఆర్డరు తేదీ, మూడు నెలల బాకీ 9,000 అని వేశా. దస్తావేజు స్కాన్ చేసి సార్‌కు పంపా. ఆమె పెళ్లినాటి నుంచి ఉన్న రేకుపెట్టె అడుగున దొరికిందట. అందులో "నా పోషణ నిమిత్తం" అనే మాట ఒకచోట ఉంది. సార్ చూసి, దీంతో 23వ సెక్షన్ కింద ప్రయత్నించవచ్చు అన్నారు.

ఆర్డరు కాగితం లామినేషన్ చేయలేదు, ఒరిజినల్ అడుగుతారు కాబట్టి. ప్లాస్టిక్ ఫైలులో పెట్టి, ఐదు జిరాక్సులు తీసిచ్చా.

జిల్లా ఆఫీసు కావాలన్న అర్జీ మీద కర్నూలులో ఇప్పటికి 63 సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. వెనక పేజీలో ప్రతి ఒక్కరి వయసు, ఊరు రాశాం. పెద్దాయన ఒకరికి 94. రేపు వచ్చేవాళ్లు ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి, లేకుంటే నా దగ్గర ఉచితంగా తీస్తా. షాపు ఆరున్నరకే తెరుస్తా. బెంచీలు రెండు ఎక్కువ వేయిస్తున్నా, ఎవరూ నిలబడొద్దు.

అవ్వ నాలుగున్నర బస్సుకే వస్తుంది. బస్టాండు నుంచి ఆమెను ఎవరైనా బండి మీద తీసుకురాగలరా?

---

తుంగభద్ర_కోడలు | ఆదివారం, రాత్రి 8:52

మా ఆయన ఆటో తెస్తాడు అన్నా. అవ్వ ఏ రంగు చీరలో ఉంటుందో కనుక్కుని చెప్పండి.